మార్పిడి ఏడాదికి వెళ్లొచ్చిన పిల్ల నాన్ లోకల్ ఎలా అవుతుంది?

సంపాదకులకు నమస్కారం.

హైస్కూలు పిల్లలు ఒక ఏడాది వేరే దేశంలో ఒక కుటుంబంతో ఉండి, అక్కడి బడిలో చదివి వచ్చే ఎక్స్ఛేంజ్ (మార్పిడి) కార్యక్రమాల గురించి పత్రికల్లో అప్పుడప్పుడు వార్తలొస్తుంటాయి. ఎంపికైన అమ్మాయి, పక్కన అమ్మానాన్నలు, శాలువా, పూలగుత్తి. ఆ ఫొటోకు ముందు ఏం జరిగిందో, తర్వాత ఏం జరుగుతుందో రాసేవాళ్లు తక్కువ. సామాజిక న్యాయం, పరస్పర అవగాహన అనే పేరుతో నడిచే ఈ కార్యక్రమాలకు మన సర్కారు బడుల పిల్లలు, గురుకులాల పిల్లలు దూరంగా ఉండిపోవడానికి పెద్ద కారణం విదేశంలో లేదు. ఇక్కడే, కాలేజీ సీట్లకు ఎవరు ‘లోకల్’ అని తేల్చే మన తెలంగాణ స్థానికత నిబంధనలో ఉంది. దాన్ని సరిచేయడానికి ఒక్క ఉత్తర్వు చాలు.

ముందు లెక్క చూడండి. మార్పిడి కార్యక్రమాలకు అమెరికా ఇచ్చే జే-1 వీసా కింద హైస్కూలు విద్యార్థిగా వెళ్లాలంటే కార్యక్రమం మొదలయ్యే నాటికి కనీసం 15 ఏళ్లు నిండాలి, పద్దెనిమిదిన్నర దాటకూడదు. కిండర్‌గార్టెన్ లెక్కలోకి రాదు గానీ, ఒకటో తరగతి నుంచి 11 ఏళ్లకు మించి చదివి ఉండకూడదు. అంటే ఇంటర్ రెండో ఏడాది పూర్తయ్యాక దారి మూసుకుపోతుంది. ఎనిమిదో తరగతి అయ్యేసరికి వయసు చాలదు. ఇక మిగిలేది తొమ్మిది తర్వాత, పది తర్వాత, ఇంటర్ మొదటి ఏడాది తర్వాత. ఈ మూడే.

ఇప్పుడు మన వైపు నిబంధన. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒక విద్యార్థి స్థానిక అభ్యర్థి కావాలంటే, అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. అది కుదరని వారికి ఏడేళ్ల లెక్క ఉంది, అదీ వరుసగానే. పది పాసై అమెరికా వెళ్లి, వచ్చి ఇంటర్‌లో చేరిన అమ్మాయిని తీసుకోండి. ఇంటర్ రెండో ఏడాది నుంచి వెనక్కి లెక్కపెడితే: ఇంటర్ రెండు, ఇంటర్ ఒకటి, అమెరికా, పది. నాలుగేళ్ల వరుస మధ్యలో తెగింది. తొమ్మిది తర్వాత వెళ్తే: ఇంటర్ రెండు, ఒకటి, పది, అమెరికా. మళ్లీ తెగింది. మూడో దారిలోనూ అంతే. వీసా నిబంధన అనుమతించే ఏ ఏడాది వెళ్లినా అది సరిగ్గా ఈ నాలుగేళ్లలోనే పడుతుంది. తప్పించుకునే సందు లేదు.

ఇదేదో కాగితం మీది భయం కాదు. ఈఏపీసెట్ సీట్లలో 85 శాతం స్థానికులకే. మెడికల్ సీట్ల విషయంలో 2024లో రాష్ట్రం నిబంధనను ఇంకా బిగించింది. ఇంటర్‌తో ముగిసే చివరి నాలుగేళ్లూ తెలంగాణలోనే చదివి ఉండాలన్న ఆ నిబంధనను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు సమర్థించింది. నీట్ రాయాలనుకునే గురుకులం పిల్లకు ‘ఏడాది అమెరికా వెళ్లిరా’ అని చెప్పడమంటే, ఆ పిల్ల డాక్టరు సీటును పణంగా పెట్టమని చెప్పడమే. ఏ తల్లి ఒప్పుకుంటుంది? ఒప్పుకోకపోవడమే సబబు.

మరి వెళ్తున్నదెవరు? డిగ్రీకి ఎలాగూ విదేశమే అనుకున్న ఇళ్ల పిల్లలు, మేనేజ్‌మెంట్ కోటాలో సీటు కొనగలిగే ఇళ్ల పిల్లలు. లోకలా, నాన్ లోకలా అన్నది వాళ్లకు పెద్ద పట్టింపు కాదు. విమాన టికెట్టు, బీమా, నెలనెలా జేబుఖర్చు అన్నీ కార్యక్రమమే భరించే పూర్తి స్కాలర్‌షిప్‌లు కూడా చివరికి ఆ రిస్కు తట్టుకోగలిగే ఇంటికే చేరుతున్నాయి. ఎవరి కోసం పెట్టారో వాళ్లు దరఖాస్తే పెట్టడం లేదు.

స్థానికత నిబంధన మీద మాకు కోపం లేదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఈ నగరానికి తెలుసు. 1952లో స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనల కోసం విద్యార్థులు రోడ్డెక్కారు, సిటీ కాలేజీ దగ్గర తూటాలకు నేలకొరిగారు. 1969లో మళ్లీ విద్యార్థులే. ఆ తర్వాతే 1973లో ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలో 371-డి అధికరణం, 1974 రాష్ట్రపతి ఉత్తర్వులు. ఇక్కడి పిల్లల సీటు ఇక్కడి పిల్లలకే దక్కాలన్న న్యాయమైన కోరిక నుంచి పుట్టిన నిబంధన అది. ఇక్కడే పుట్టి, ఇక్కడి సర్కారు బడిలో పదేళ్లు చదివి, పది నెలలు బయట ఉండి తిరిగొచ్చిన పిల్లను బయటివాళ్ల వరుసలో నిలబెట్టడం దాని ఉద్దేశం కానే కాదు. ఉద్యోగరీత్యా రాష్ట్రం బయట ఉన్న కొన్ని వర్గాల ఉద్యోగుల పిల్లలకు మినహాయింపు ఇస్తామని ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు ప్రతిపాదించింది. అదే వరుసలో ఇంకో వాక్యం చేర్చడానికి అడ్డేముంది?

రెండో చిక్కు రిజిస్టరులో ఉంది. పదో తరగతి కాగానే మెమోతోపాటు టీసీ చేతికిస్తారు. ఆగస్టులో విమానం ఎక్కిన పిల్ల ఆ ఏడాదంతా తెలంగాణలో ఏ సంస్థ రిజిస్టరులోనూ ఉండదు. తిరిగొచ్చాక ‘ఈ ఏడాది ఏం చేశావు?’ అంటే చూపించడానికి అక్కడి బడి ఇచ్చిన మార్కుల పత్రం తప్ప ఏమీ ఉండదు. అక్కడ ఏడాది చదివితే డిప్లొమా వస్తుందని కొందరు అనుకుంటారు. ఎక్స్ఛేంజ్ విద్యార్థికి డిప్లొమా ఇస్తామని ఏ కార్యక్రమమూ హామీ ఇవ్వదు. కాబట్టి ఆ ఏడాదిని ఇంటర్ మొదటి ఏడాదికి సమానం చేయమని అడగడం దండగ. అడగాల్సింది వేరే. జూన్‌లోనే జూనియర్ కాలేజీలో ప్రవేశం ఇచ్చి, ఏడాది వాయిదా వేసి, పేరు రిజిస్టరులో ఉంచాలి. గురుకులం పిల్లలకైతే హాస్టల్ సీటు కూడా అలాగే అట్టిపెట్టాలి. సీటు పోతుందన్న భయం లేకపోతే సగం మంది ప్రిన్సిపాళ్లు తామే పిల్లల పేర్లు పంపిస్తారు.

వారం పది రోజుల యాత్రలకు ఈ బెడద లేదు. జపాన్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఏజెన్సీ నడిపే సకురా కార్యక్రమంలో 2016 నుంచి మన దేశపు బడి పిల్లలు కూడా వెళ్లొస్తున్నారు. మంచిదే. అయితే వారంలో ల్యాబులు, మ్యూజియాలు చూడగలరు గానీ ఇంకొకరి వంటింట్లో గిన్నెలు కడుగుతూ వాళ్ల బతుకు తెలుసుకోలేరు. ఏడాది కార్యక్రమం విలువ అక్కడుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో అంబులెన్సులు నడిపిన స్వచ్ఛంద దళం ఏఎఫ్ఎస్, రెండో యుద్ధం ముగిశాక 1947లో హైస్కూలు పిల్లల మార్పిడికి దిగింది. మొదటి ఏడాది 10 దేశాల నుంచి 52 మంది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత, ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న దేశాల పిల్లల కోసం 2002లో అమెరికా ప్రభుత్వం పెట్టిన కెన్నెడీ-లూగర్ యెస్ కార్యక్రమం వెనక ఉన్నదీ అదే నమ్మకం: ఒకరి ఇంట్లో ఏడాది అన్నం తిన్నవాడు ఆ ఇంటి మీద పగ పట్టడు.

ఉత్తర్వు వచ్చినా, బడుల్లో సన్నాహం లేకపోతే మళ్లీ కార్పొరేట్ స్కూలు పిల్లలే ఎంపికవుతారు. ఎక్కడ దెబ్బతింటున్నారో చెబుతాం.

మొదటిది వినడం. చాలా కార్యక్రమాలు వాడే ఎల్‌టిస్ అనే ఇంగ్లిషు పరీక్షలో చదివి అర్థం చేసుకోవడం ఒక భాగం, విని అర్థం చేసుకోవడం ఇంకో భాగం. సర్కారు బడి పిల్లలు చదివే భాగం బాగానే గట్టెక్కుతారు. వినే భాగంలో మార్కులు పోతాయి. తెలివి తక్కువై కాదు, పదేళ్లలో వాళ్లు విన్న ఇంగ్లిషంతా టీచరు పాఠం చదివితే విన్నదే. రోజుకు 20 నిమిషాల చొప్పున ఆరు నెలలు, అమెరికన్ క్లాసురూముల్లో మాట్లాడుకునే వేగంతో వినిపించి, విన్నది తెలుగులో చెప్పమంటే చాలు. ఇంగ్లిషులోనే చెప్పమంటే పిల్ల వినడం మానేసి వాక్యం కట్టుకోవడంలో పడుతుంది.

రెండోది ఆతిథ్య కుటుంబానికి రాసే ఉత్తరం. ఎంపికలో దీని బరువు మన బడుల్లో చాలామందికి తెలియదు. అక్కడ ఒక కుటుంబం పదుల కొద్దీ దరఖాస్తులు తిరగేసి, ఈ ఉత్తరం చదివే ‘ఈ పిల్ల మా ఇంటికి వస్తే బాగుంటుంది’ అనుకుంటుంది. మనవాళ్లు ఏం రాస్తారంటే: ‘నేను చాలా కష్టపడే విద్యార్థిని. ఏ వాతావరణానికైనా సర్దుకుపోతాను. అన్ని రకాల ఆహారం తింటాను. భారతీయ సంస్కృతి గొప్పది.’ ఒకే బ్యాచిలో పది మంది ఇవే నాలుగు వాక్యాలు రాస్తారు, ఎవరో రాసిచ్చింది కాబట్టి. అది చదివితే పిల్ల కనబడదు. ‘పొద్దున చెల్లికి జడ వేసేది నేనే. పెరుగన్నం లేకుండా భోజనం ముగిసినట్టు అనిపించదు. మా నాన్న ఆటో నడుపుతాడు, రాత్రి ఆయన వచ్చేదాకా అమ్మా నేనూ గడప మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం. కుక్కలంటే భయం, కానీ నేర్చుకుంటాను’ అని రాస్తే పిల్ల కళ్ల ముందు నిలబడుతుంది. ఆటో సంగతి రాయడానికి పిల్లలు సిగ్గుపడతారు, టీచర్లు కొట్టేస్తారు. కొట్టేయకండి. ఆ వాక్యమే ఆ పిల్లకు ఇల్లు వెతికిపెడుతుంది.

తిండి విషయంలో అబద్ధం అసలే వద్దు. ‘అన్నీ తింటాను’ అని రాసిన పిల్ల, మొదటి వారమే బీఫ్ ముక్క ముందు కళ్లనీళ్లు పెట్టుకుంటే ఆ ఇంటివాళ్లు నొచ్చుకుంటారు, పిల్ల మీద నమ్మకం పోతుంది. హలాల్ మాత్రమే తింటారా, గుడ్డు తింటారా, శనివారం ఒక్కపొద్దా? మతం, మొక్కు, అలర్జీ ఏదున్నా దరఖాస్తులోనే ఉండాలి. తినే పద్ధతి వల్ల ఇల్లు దొరకడం కొంచెం ఆలస్యం కావచ్చు. తప్పు ఇల్లు దొరకడం కన్నా అది నయం.

ఇక కాగితాలు. మన పేర్లు పెద్ద తలనొప్పి. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టు ఫారంలో ‘సర్‌నేమ్’ గడి ఖాళీగా వదిలేస్తారు. అలా వదిలేస్తే అమెరికా వీసాలో పిల్ల పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దానర్థం. ఆ తర్వాత బడి రిజిస్టరు, బీమా కార్డు, బస్సు పాసు అన్నింట్లో అదే పేరు. ఎనిమిదో తరగతిలోనే మూడు కాగితాల్లో పేరు ఒకేలా చేయించుకోవాలి. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) వెళ్లిపోయాక మెమోలో దిద్దుబాటు నెలల పని.

పాస్‌పోర్టులో ఇంకో ఉచ్చు ఉంది. మైనర్లకిచ్చే మామూలు పాస్‌పోర్టు ఐదేళ్లకో, 18 నిండేదాకానో, ఏది ముందైతే అప్పటివరకే చెల్లుతుంది. 17 ఏళ్ల పిల్ల వెయ్యి రూపాయలు కట్టి ఆ పాస్‌పోర్టు తీసుకుంటే అమెరికాలో ఉండగానే గడువు అయిపోతుంది. 15 దాటిన వాళ్లు 1,500 రూపాయలు కట్టి పదేళ్ల పాస్‌పోర్టు అడగొచ్చు. అదే అడగాలి. పిల్లల పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరూ సంతకం పెట్టే ఒప్పుకోలు పత్రం అనెక్చర్-డి. తండ్రి వదిలేసి వెళ్లిన ఇళ్లు మన బస్తీల్లో తక్కువేం కాదు. అలాంటి తల్లి ‘ఆయన సంతకం లేకపోతే కాదట’ అని వెనక్కి తిరగక్కర్లేదు, ఆమె ఒక్కతే ఇచ్చే అనెక్చర్-సి ఉంది.

టీకాల సంగతి ఎవరూ ముందు చెప్పరు, చివర్లో అందరూ పరిగెత్తుతారు. అమెరికాలో బడిలో చేరాలంటే ఏయే టీకాలు కావాలో ఆ రాష్ట్రం నిర్ణయిస్తుంది. సాధారణంగా అడిగేవి ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) రెండు డోసులు, ఆటలమ్మ టీకా రెండు డోసులు, హెపటైటిస్-బి, పోలియో, టీడ్యాప్ (ధనుర్వాతం, డిఫ్తీరియా, కోరింతదగ్గు). మన సర్కారు టీకాల్లో తట్టు, రుబెల్లా ఉన్నాయి గానీ గవదబిళ్లలకు లేదు, ఆటలమ్మకూ లేదు. పదేళ్లకు, 16 ఏళ్లకు వేసే టీడీలో కోరింతదగ్గు భాగం ఉండదు, వాళ్లడిగే టీడ్యాప్‌లో ఉంటుంది. అంటే అంగన్‌వాడీలో ఒక్క టీకా కూడా తప్పకుండా వేయించుకున్న పిల్లకు కూడా ఈ మూడూ బయట కొనాల్సిందే. ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలకు డోసుకూ డోసుకూ మధ్య కనీసం 28 రోజులుండాలి. రెండింటినీ ఒకే రోజు వేయించొచ్చు. వేరువేరు రోజుల్లో వేయిస్తే వాటి మధ్య కూడా 28 రోజులు. ఆగస్టు మొదట్లో ప్రయాణమైతే మే నెలలో మొదలుపెట్టాలి. జులై మధ్యలో మొదలుపెడితే రెండో డోసు పడదు, పడకపోతే మొదటి రోజే బడి గేటు దగ్గర ఆగిపోవాల్సి రావచ్చు.

టీబీ పరీక్ష అడిగే బడులూ ఉన్నాయి. మన పిల్లలకు పుట్టగానే బీసీజీ వేస్తారు కాబట్టి చర్మం మీద చేసే పరీక్షలో వాపు కనిపించవచ్చు. అది చూసి అక్కడి బడి నర్సు కంగారు పడుతుంది. బీసీజీ వేసినట్టు రాతపూర్వకంగా తీసుకెళ్లాలి. అవసరమైతే ఐజీఆర్ఏ రక్త పరీక్ష గానీ, ఛాతీ ఎక్స్‌రే గానీ ఇక్కడే చేయించుకుని పోవాలి. చర్మ పరీక్షే చేయించేట్టయితే ఎంఎంఆర్ వేసిన రోజే చేయించాలి, లేదా నాలుగు వారాలు ఆగాలి.

పాస్‌పోర్టు, పేరు దిద్దుబాటు, టీకాలు, స్వెట్టర్లు, ఇంటర్వ్యూలకు తిరుగుడు. స్కాలర్‌షిప్ కట్టని ఖర్చులివి. కూలి ఇంటికి ఇవే గండం. గురుకుల సొసైటీలు పిల్లకు ఇంతని చిన్న నిధి పెడితే సరిపోతుంది. పెద్ద మొత్తం కాదు.

నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు పిల్లలకు జవాబులు బట్టీ వేయిస్తారు. అది చెడు చేస్తుంది. ఏ ఊరు వెళ్తున్నావు, ఎవరింట్లో ఉంటావు, వచ్చాక ఏం చదువుతావు, ఇవి తెలిసి తన మాటల్లో చెబితే చాలు. వీసా కోసం కార్యక్రమం నడిపే సంస్థ పంపే డీఎస్-2019 పత్రంలో పేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం సరిపోయాయో లేదో అది చేతికి అందగానే చూసుకోవాలి. ప్రభుత్వ నిధులతో వెళ్లే పిల్లలకు ఒక షరతు ఉండొచ్చు: తిరిగొచ్చాక రెండేళ్లు స్వదేశంలో గడపకుండా హెచ్, ఎల్ ఉద్యోగ వీసాలు, గ్రీన్ కార్డు రావు. చదువు కోసం తీసుకునే ఎఫ్-1కు ఇది అడ్డు కాదు. తల్లిదండ్రులకు ముందే తెలియాలి.

ఇంత చేసి పంపాక, ఆ పిల్ల అక్కడ ఏం చెబుతుంది? నవంబరులో అమెరికా బడుల్లో అంతర్జాతీయ విద్యా వారం జరుపుతారు. మన పిల్లలు చార్మినార్, బిర్యానీ, బతుకమ్మ స్లైడ్లు చూపిస్తారు. పిల్లలు చప్పట్లు కొడతారు. వెనక బెంచీ నుంచి ఒకరు ‘కులమంటే ఏంటి, ఇప్పటికీ ఉందా?’ అని అడుగుతారు. అక్కడ మనవాళ్లు తడబడతారు. ‘ఇప్పుడు లేదు’ అని అబద్ధం చెబుతారు, లేదా దేశాన్ని తిట్టినట్టవుతుందని నోరు మూసుకుంటారు. సామాజిక న్యాయం పేరుతో వెళ్లిన పిల్ల సామాజిక న్యాయం గురించి అడిగిన మొదటి ప్రశ్నకే ఆగిపోతే ఎలా?

దీనికి మనూళ్లోనే సరుకుంది. 1910లో ఇసామియా బజారులో భాగ్యరెడ్డి వర్మ దళిత పిల్లలకు బడి తెరిచారు. 1933 నాటికి అలాంటివి 26 బడులు, సుమారు 2,500 మంది పిల్లలు. అర్కాన్సాస్‌లోని లిటిల్ రాక్‌లో తొమ్మిది మంది నల్లజాతి పిల్లలు సైన్యం కాపలాతో బడిలో అడుగుపెట్టింది 1957లో, బడుల్లో జాతి వేర్పాటు చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చిన మూడేళ్ల తర్వాత. 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్‌తో అంబేడ్కర్ న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. ఈ మూడు సంగతులు పక్కపక్కన పెట్టి మాట్లాడగలిగిన పిల్లకు ఎవరి ముందూ తల దించుకోవాల్సిన పని లేదు, ఎవరినీ దించాల్సిన పనీ లేదు. ‘మా దగ్గర ఇలా ఉంది, చట్టం ఇలా చెబుతుంది, ఇంకా ఇక్కడిదాకానే వచ్చాం. మీ దగ్గరెలా?’ అని తిరిగి అడగగలుగుతుంది. పిల్లలకు బయల్దేరే ముందు కనీసం నాలుగు ఆదివారాలు దీనికే కేటాయించాలి. రిజర్వేషన్లు, డ్రైనేజీల్లో దిగే మనుషులు, ఆడపిల్లల చదువు, మతం. ప్రతిదాని మీదా రెండు నిమిషాలు, సొంత మాటల్లో, పక్కవాడు ఎదురు ప్రశ్న వేస్తుండగా. గురుకులం పిల్లలు ఈ పనిలో కార్పొరేట్ పిల్లల కన్నా ఎంతో ముందుంటారు, ఎందుకంటే వాళ్లకిది పాఠం కాదు.

అక్కడికి చేరాక మొదటి మూడు వారాలు ఉత్సాహం. ఆ తర్వాత దిగులు పట్టుకుంటుంది. నవంబరు, డిసెంబరులో సాయంత్రం ఐదింటికే చీకటి పడే రోజుల్లో ఇంకోసారి వస్తుంది. ఇది రోగం కాదు, దాదాపు అందరికీ వచ్చేదే. దాన్ని పెంచేది మనమే, రోజూ వీడియో కాల్ చేసి. చికాగోలో రాత్రి తొమ్మిదైతే మనకు వేసవిలో మర్నాడు పొద్దున ఏడున్నర. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక ఎనిమిదిన్నర. అమ్మకు అది పని మొదలయ్యే వేళ, పిల్లకు నిద్రపోయే వేళ. రోజూ ఆ వేళకు ఏడుపు వినిపిస్తే ఇద్దరూ పాడవుతారు. వారానికి ఒకే రోజు, ఒకే గంట అని ముందే ఒప్పందం చేసుకోవాలి. అత్యవసరమైతే ఎప్పుడైనా చేయొచ్చు.

భద్రత విషయంలో నిబంధనలు గట్టివే, పిల్లకు, తల్లిదండ్రులకు తెలియాలి అంతే. కార్యక్రమం నడిపే సంస్థ ఆతిథ్య కుటుంబాన్ని ఇంటికెళ్లి చూడాలి, ఆ ఇంట్లో 18 నిండిన ప్రతి మనిషి నేరచరిత్రను తనిఖీ చేయాలి. పిల్ల ఉండే చోటికి 120 మైళ్ల లోపల స్థానిక సమన్వయకర్త ఉండాలి, నెలకోసారైనా పిల్లతో మాట్లాడాలి. ఆ మాట్లాడటం ఇంటివాళ్ల ముందు కాకుండా విడిగా జరుగుతోందా అని మన తల్లిదండ్రులు అడగాలి. సంస్థ, సమన్వయకర్త, అమెరికా విదేశాంగ శాఖ ఫోను నంబర్లున్న కార్డు పిల్ల దగ్గర ఎప్పుడూ ఉండాలి. ఇల్లు మారడం అవమానం కాదు. మన పిల్లలు ‘సర్దుకుపో’ అన్న మాట విని విని పెరిగినవాళ్లు. సర్దుకోవాల్సింది అన్నానికి, చలికి. చేతులు వేసేవాడికి కాదు. ఈ తేడాను ఎయిర్‌పోర్టులో కాదు, ఇంట్లో కూర్చోబెట్టి, ఆ మాటల్లోనే చెప్పాలి.

డబ్బు గుంజేవాళ్ల గురించి కూడా ఒక మాట. జే-1 హైస్కూలు కార్యక్రమంలో ఆతిథ్య కుటుంబాలకు డబ్బు ఇవ్వరు. కాబట్టి ‘హోస్ట్ ఫ్యామిలీ అద్దె’ అని ఎవరైనా వసూలు చేస్తే అది మోసం. పూర్తి స్కాలర్‌షిప్ ఇప్పిస్తామని ముందస్తు రుసుము అడిగితే అదీ మోసమే. అనుమతి ఉన్న సంస్థల జాబితా అమెరికా విదేశాంగ శాఖ జే-1 వెబ్‌సైటులో ఉంది. పేరు అందులో లేకపోతే లేచి వచ్చేయండి.

విదేశీ పిల్లల్ని మన ఇళ్లలో ఉంచుకోవడం ఈ మార్పిడిలో రెండో సగం. నిజానికి అదే బలహీనంగా ఉంది. ఇంటికి విదేశీయులు వస్తే 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓకు (విదేశీయుల నమోదు కార్యాలయానికి) తెలపాలి. ఇంతకాలం మనం ఫారం-సి అంటూ వచ్చింది దీన్నే. చాలా కుటుంబాలు ఈ కాగితం పేరు వినే జంకుతాయి. పది నిమిషాల పని. మూడు గదుల ఫ్లాటే ఉండాలనేం లేదు, పిల్లకు విడిగా మంచం, తలుపు వేసుకునే స్నానాలగది, రోజూ కలిసి తినే ఒక పూట భోజనం ఉంటే చాలు.

పంపలేని బడులకు ఇంకో దారి ఉంది. అమెరికా బడులతో ఆన్‌లైన్ క్లాసు మన బడి వేళల్లో కుదరదు, న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదైతే మనకు సాయంత్రం ఆరున్నరో ఏడున్నరో. దక్షిణాఫ్రికా మనకు మూడున్నర గంటలే వెనక. ఇక్కడ మధ్యాహ్నం రెండు, అక్కడ పదిన్నర. 1976 జూన్ 16న అక్కడి సొవెటోలో నల్లజాతి పిల్లలు వీధుల్లోకి వచ్చింది తెల్ల ప్రభుత్వం ఆఫ్రికాన్స్ భాషా మాధ్యమాన్ని తమ మీద రుద్దినందుకు. ఏ భాషలో చదవాలన్నది మన సర్కారు బడుల్లోనూ ఇంకా తేలని సంగతే. ఒక ప్రొజెక్టరు, ఒక మైకు, నెలకు రెండు క్లాసులు. మన పిల్లలకూ అక్కడి పిల్లలకూ మధ్య మాటలకు కొదవ ఉండదు.

చివరగా మేం కోరే ఉత్తర్వు. ఉన్నత విద్య, వైద్య విద్య ప్రవేశ నిబంధనలు రెండింటిలోనూ ఈ అర్థంతో ఒక వాక్యం చేర్చాలి: ‘వెళ్లే ముందు వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివి, సంస్థ అధిపతి రాతపూర్వక అనుమతితో, భారత ప్రభుత్వం గానీ విదేశీ ప్రభుత్వం గానీ గుర్తించిన హైస్కూలు మార్పిడి కార్యక్రమంలో ఒక విద్యా సంవత్సరానికి మించకుండా గడిపి, తిరిగి తెలంగాణలోనే చేరి అర్హత పరీక్ష రాసిన విద్యార్థికి, ఆ ఏడాదిని తెలంగాణలో చదివినట్టే లెక్కించాలి.’ ముందు నాలుగేళ్ల షరతు ఉంది కాబట్టి బయటివాళ్లు దీన్ని వాడుకోలేరు. రుజువులు సులువు: బోనఫైడ్లు, డీఎస్-2019, అక్కడి బడి మార్కుల పత్రం, పాస్‌పోర్టు మీది ముద్రలు.

ఈ ఉత్తర్వు వచ్చేలోపు, ఈ ఏడాది దరఖాస్తు పెడుతున్న తల్లిదండ్రులు రెండు పనులు చేసుకోండి. ఆరో తరగతి నుంచి ప్రతి ఏడాదికీ బోనఫైడ్ ఇప్పుడే తీసి పెట్టుకోండి, బడి మూతపడ్డాకో హెడ్మాస్టరు మారాకో దొరకవు. మీ పిల్ల స్థానికత ఏమవుతుందని ఈఏపీసెట్ కన్వీనర్‌కు, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో రాసి, జవాబు చేతికి వచ్చాకే విమాన టికెట్టు ఖాయం చేసుకోండి. నోటి మాటగా ఎవరు ‘ఏం కాదులే’ అన్నా నమ్మకండి.

ఇట్లు,
మార్పిడి కార్యక్రమాలకు పిల్లల్ని సిద్ధం చేసే కొందరు ఉపాధ్యాయులు,
హైదరాబాద్